గ్రీన్ టీ చాలాకాలం వాడాక: పంచదార లెక్క, నీళ్ల లెక్క

ఏళ్ల తరబడి రోజూ తాగాక గ్రీన్ టీ గురించి ముందుగా చెప్పాల్సిన మాట ఇది: దీనివల్ల ఒంటికి జరిగే మేలులో పెద్ద వాటా మనం మానేసిన పంచదారది. ఆకు వాటా ఆ తర్వాతే.

భీమవరంలోనో రావులపాలెంలోనో సెంటర్లో ఏ టీ కొట్టు దగ్గరైనా చూడండి. చిన్న గ్లాసు పాల టీలో రెండు చెంచాల పంచదార మామూలే. రోజుకి నాలుగు గ్లాసులు లాగించేవాళ్లు మా వైపు తక్కువేం కాదు. చెంచా 4 గ్రాములు వేసుకున్నా రోజుకి 32 గ్రాములు, నెలకి కిలోకి కాస్త తక్కువ. పైనుంచి కలుపుకునే పంచదార రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇక్కడ ఒక్క టీతోనే ఆ గీత దాటేస్తున్నాం. నాలుగింట్లో మూడు మానేసి వాటి బదులు తీపి లేని గ్రీన్ టీ తాగితే రోజుకి 96 క్యాలరీల పంచదార తగ్గుతుంది, పాల వెన్న సంగతి వేరే. అందులో తేనె వేసుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది: చెంచా పంచదారలో 16 క్యాలరీలైతే చెంచా తేనెలో 20. ఒక చేత్తో గ్రీన్ టీ, రెండో చేత్తో తాపేశ్వరం కాజా పట్టుకుని బరువు తగ్గట్లేదంటే పాపం ఆకేం చేస్తుందండీ!

ఇక ఆకు సొంతంగా చేసే పని. మామూలు టీ పొడీ గ్రీన్ టీ ఒకే మొక్క నుంచి వస్తాయి. కోసిన ఆకుని వెంటనే ఆవిరి పట్టించో, పెనం మీద వేయించో నల్లబడకుండా ఆపేస్తే గ్రీన్ టీ. అలా ఆపడం వల్ల క్యాటెకిన్లు అనే పదార్థాలు ఎక్కువగా మిగులుతాయి. వాటిలో ముఖ్యమైనది ఈజీసీజీ. గ్రీన్ టీ మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే చెడు కొలెస్ట్రాల్ ఓ 2 మిల్లీగ్రాములు, పరగడుపు షుగర్ ఒకటి రెండు మిల్లీగ్రాములు, పై బీపీ ఓ 2 పాయింట్లు తగ్గుతాయి. తగ్గుదల నిజమే, కానీ మాత్ర మానేసేంత కాదు. వైద్య పరీక్షల ఫలితాలన్నీ ఏరి తూకం వేసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ బరువు విషయంలో 2012లో తెచ్చిన సమీక్ష మరీ నిర్మొహమాటంగా తేల్చింది: చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. క్యాన్సర్ మీద 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో కూడా గట్టిగా ఇది అని చెప్పే రుజువు దొరకలేదు. కాస్త ఆశపెట్టేది జపాన్ ఓసాకి ప్రాంతంలో 40,530 మందిని గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనం. రోజుకి ఐదు కప్పులు, ఆపైన తాగేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోవడం తక్కువగా కనిపించింది, ఆడవాళ్లలో మరీ స్పష్టంగా. క్యాన్సర్ మరణాల్లో మాత్రం తేడా లేదు. పైగా అది గమనించి రాసుకున్న లెక్కే తప్ప మందు ఇచ్చి చూసిన పరీక్ష కాదు. అక్కడ దాన్ని పాలూ పంచదారా లేకుండా తాగుతారన్నది కూడా మర్చిపోకూడదు.

చేదుగా ఉందని వారానికే డబ్బా పక్కన పెట్టేసేవాళ్లలో ఎక్కువమంది చేసేది, పాల టీ అలవాటుతో ఆకుని నీళ్లలో వేసి మరగబెట్టడం. గ్రీన్ టీకి 100 డిగ్రీల నీళ్లు పనికిరావు, 80 చాలు. అంతకంటే వేడైతే చేదూ వగరూ ఒక్కసారిగా దిగిపోతాయి. థర్మామీటర్ అక్కర్లేదు. గ్లాసులో పావు వంతు మామూలు తాగే నీళ్లు పోసి, మిగతా ముప్పావు సలసల మరిగిన నీళ్లు పోయండి. మన ఎండల్లో కుండ నీళ్లు, టిన్ను నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి కలిపాక 82 వస్తుంది, గ్లాసు వేడెక్కేసరికి 80. పంపు నీళ్లో బోరు నీళ్లో అయితే ఆ పావు గ్లాసు కూడా ముందే కాచి చల్లార్చినవి పోయాలి. ఆకు వేసేది ఆ తర్వాతే, ముందు కాదు.

200 మిల్లీలీటర్లకి 2 గ్రాములు. ఉండల్లా చుట్టుకున్న ఆకైతే చెంచాడు సరిపోతుంది. విడివిడిగా తేలికగా ఉండే ఆకైతే చెంచాన్నర, రెండు పడుతుంది. మూత పెట్టి రెండు నిమిషాలు, మహా అయితే మూడు. డిప్ బ్యాగుని పిండకండి, అడుగున ఉన్న వగరంతా కప్పులోకి దిగుతుంది. మంచి ఆకుని రెండోసారి కూడా వాడుకోవచ్చు. ఈసారి నీళ్లు కాస్త వేడిగా, ఒక్క నిమిషం. వడకట్టాక జాలీలో మిగిలిన దాన్ని వేలితో విప్పి చూడండి. మొగ్గ, దాని కింద లేత ఆకు, కాడ, అంచున రంపపు పళ్లు కనిపిస్తే డబ్బులకి న్యాయం జరిగినట్టు. నల్లటి నూకలా చేతికి అంటుకుంటే అది బ్యాగుల్లో నింపే సరుకు. పిరమిడ్ ఆకారంలో మెరిసే నైలాన్ బ్యాగుల జోలికి పోకపోవడం మేలు, వేడి నీళ్లలో వాటినుంచి సన్నటి ప్లాస్టిక్ రేణువులు వస్తాయి. కాగితం బ్యాగు నయం, విడి ఆకు ఇంకా నయం.

డెల్టాలో గ్రీన్ టీకి అసలు పరీక్ష నీళ్ల దగ్గరే. పాల టీలో ఏ నీళ్లయినా దాక్కుంటాయి, ఇందులో దాక్కోవు. మలికిపురం, మొగల్తూరు వైపు సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, గరుకుగా ఉంటాయి. వాటితో పెడితే టీ లేత పసుపు బదులు ఇటుక రంగుకి తిరుగుతుంది. పైన జిడ్డులాంటి పలుచని పొర కడుతుంది, గ్లాసు అంచున గోధుమరంగు గీత మిగులుతుంది. ఆ పొర ఆకు కల్తీ కాదు, నీళ్లలోని సున్నం ఆకులోని పదార్థాలతో కలిసి కట్టింది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పొర పోతుంది, రంగు తేలుతుంది. అదే నిమ్మరసం క్యాటెకిన్లు త్వరగా చెడకుండా కాపాడుతుంది కూడా. కాబట్టి ఇక్కడ నిమ్మ రుచి కోసమే కాదు, పని కోసం. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు నీళ్లే దిక్కయ్యే ఊళ్లలో కాచినా ఓ నాచు వాసన మిగులుతుంది. ఆ రోజుల్లో మంచినీళ్ల టిన్నుతో పెట్టుకోవడమే దారి. ఫ్లాస్కులో పోసి ఆఫీసుకి పట్టుకెళ్లే అలవాటుంటే మానుకోండి. రెండు గంటల్లో ముదురు రంగుకి తిరిగి రుచి చచ్చిపోతుంది. ఫ్లాస్కులో వేడి నీళ్లు, జేబులో బ్యాగు, అంతే.

ఎప్పుడు తాగాలన్నది ఎలా పెట్టాలన్నదాని కంటే ముఖ్యం. అన్నం తినగానే అరుగుదలకని గ్రీన్ టీ తాగడం బాగా పాకింది. ఇది తప్పు వేళ. తోటకూర పప్పు, గోంగూర, పెసలు ఇచ్చే ఇనుముని ఈ ఆకులోని పదార్థాలు కడుపులోనే పట్టేసుకుంటాయి, ఒంటికి అందనివ్వవు. చేపల్లో, మాంసంలో ఉండే ఇనుముకి ఈ బాధ తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. కాబట్టి భోజనానికి గంట ముందు, గంట తర్వాత అనే గీత వాళ్లకి తప్పనిసరి. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లకీ అంతే. థైరాయిడ్ మాత్ర ఉత్త నీళ్లతోనే వేసుకోవాలి. నాడొలాల్ అనే బీపీ మందు ఒంటికి పట్టడాన్ని గ్రీన్ టీ బాగా తగ్గిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా కప్పులు పెంచకూడదు.

పరగడుపున వద్దు, చాలామందికి కడుపులో తిప్పుతుంది. టిఫిన్ అయ్యాక గంటకి ఒకటి, మధ్యాహ్నం మూడున్నరకి ఒకటి బాగా కుదిరే వేళలు. కప్పులో కెఫీన్ సుమారు 30 మిల్లీగ్రాములు, కాఫీలో మూడో వంతే, కానీ అందులో సగం ఒంట్లోంచి పోవడానికి ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరు తర్వాత తాగి నిద్ర పట్టలేదంటే ఆశ్చర్యం లేదు. గర్భిణులు కాఫీ, టీ అన్నీ కలిపి రోజుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంచుకోవాలి. రోజుకి ఐదారు టీలు తాగేవాళ్లు ఒక్కసారిగా మారితే మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి వస్తుంది. అది గ్రీన్ టీ పడకపోవడం కాదు, కెఫీన్ తగ్గడం. రోజుకో గ్లాసు చొప్పున మార్చుకుంటే ఆ బాధ ఉండదు.

క్యాప్సూల్స్ మాత్రం కొనకండి. ఆకు కాచిన నీళ్లు వేరు, సారం పిండి నింపిన గొట్టం వేరు. రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ క్యాప్సూల్స్ రూపంలో తీసుకుంటే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపిస్తున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. ప్యాకెట్ చింపి నీళ్లలో కలుపుకునే తీపి పొడులూ అనవసరం. వెనక పదార్థాల పట్టీలో మొదటి పేరు పంచదార అయితే అక్కడే పెట్టేయండి.

నిల్వ విషయంలో మన తేమ గాలి పెద్ద శత్రువు. తుఫాను పట్టిన వారంలో మూత వదులుగా ఉన్న డబ్బాలో ఆకు మెత్తబడి ఎండుగడ్డి వాసనకి వచ్చేస్తుంది. 100 గ్రాములకి మించి కొనకుండా, బిగుతు మూత స్టీలు డబ్బాలో, పోపుల పెట్టెకి దూరంగా పెట్టాలి. ఫ్రిజ్‌లో పెడితే చేపల పులుసు వాసన లాగేసుకుంటుంది, బయటికి తీసిన ప్రతిసారీ లోపల చెమ్మ పడుతుంది.

రోహిణి కార్తె ఎండల్లో వేడి కప్పు ఎవరికీ సయించదు. అప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 8 గ్రాముల ఆకు వేసి, మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున్నే వడకట్టుకోండి. చేదు దాదాపు ఉండదు, కెఫీన్ కూడా తక్కువ దిగుతుంది, పంచదార అన్న మాటే రాదు. ఇక్కడ ఫ్రిజ్ తప్పదు కాబట్టి సీసా మూత మాత్రం బిగుతుగా ఉండాలి. సాయంత్రానికల్లా అయిపోయేలా కలుపుకోండి.