షవర్ కింది నీళ్లు లేని ట్రాప్: చాలాకాలం వాడాక

మా ఆర్వీలో (ఇల్లులా ఉండి ప్రయాణాలకి పనికొచ్చే బండి) నాకు అన్నిటికన్నా నచ్చిన వస్తువు ఎవరి కంటికీ కనిపించదు. షవర్ కింద, నేలకీ వాడిన నీళ్లు చేరే గ్రే ట్యాంకుకీ మధ్య ఇరుకు సందులో అడ్డంగా పడుకుని ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ గొట్టం, లోపల మెత్తటి సిలికాన్ పొర. నీళ్లు వచ్చినప్పుడు పొర విచ్చుకుంటుంది, ఆగగానే పెదవులు బిగించినట్టు మూసుకుంటుంది. దాని పని అంతే. అది వచ్చాక షవర్ తలుపు తీసేముందు ఊపిరి బిగబట్టే అలవాటు మా అందరికీ తప్పింది.

మామూలు వంపు ట్రాప్‌తో బాధేమిటో బండి ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తూము కింది గొట్టం వంపులో నిలిచే కాసిని నీళ్లే ట్యాంకులోని కంపు గాలికి అడ్డం. ఇల్లు కదలదు కాబట్టి ఇంట్లో అది చక్కగా పనిచేస్తుంది. బండిలో అలా కాదు. గతుకుల్లో, మలుపుల్లో ఆ నీళ్లు ఎగిరి ట్యాంకులోకి జారిపోతాయి. బండి ఊరికే నిలిపి ఉంచితే ఆవిరైపోతాయి. షవర్ కింద చోటు తక్కువ, అందుకే మా బండిలో అక్కడి వంపు లోతూ తక్కువే. అన్నిటికన్నా ముందు ఎండేది అదే. దిగగానే ప్రతి తూములోనూ మగ్గెడు నీళ్లు పోసేవాళ్లం. నిలిపి ఉంచేటప్పుడు నీళ్లమీద చెంచాడు వంటనూనె వేసేవాళ్లం. నూనె ఆవిరిని ఆపుతుంది గానీ గతుకుల్ని ఆపదు కదా. వంటసోడా, వెనిగర్ పోస్తే నురగ బుసబుసా పొంగుతుంది, ఏదో జరుగుతోందని మనకో తృప్తి. గొట్టానికి పట్టిన జిగట కొంచెం వదిలితే వదలొచ్చు. ట్యాంకు నుంచి గాలి పైకొచ్చే దారి తెరిచే ఉన్నప్పుడు ఆ నురగవల్ల ఒరిగేదేమీ లేదు.

కొత్తదానిలో అసలు నీళ్లే నిలవవు. ఒలికేది లేదు, ఆవిరయ్యేది లేదు. గడ్డకట్టే చలికాలంలో బండి మూసి ఉంచేముందు ట్రాపుల్లో గడ్డకట్టకుండా ఆపే గులాబీరంగు యాంటీఫ్రీజ్ పోస్తాం చూడండి, షవర్ వరకు ఆ పనీ తప్పింది (పంపుకీ పైపులకీ మాత్రం తప్పదు). నాకు మరీ ముచ్చటేసింది ఇంకోటి. కింది నుంచి గాలి ఎంత తోస్తే ఆ పెదవులు అంత గట్టిగా అతుక్కుంటాయి. వంపు ట్రాప్‌లో అయితే గాలి గట్టిగా తోసిందంటే నీళ్లలోంచే బుడగలుగా పైకొచ్చేస్తుంది. క్యాంపులో మురుగు లైనుకి హోసు తగిలించి గ్రే ట్యాంకు వాల్వ్ తెరిచి ఉంచేవాళ్లకి వాళ్ల ట్యాంకు గాలే కాదు, అక్కడి మురుగు లైను గాలి కూడా ఎదురొస్తుంది. అక్కడ దీని విలువ తెలుస్తుంది.

బిగించుకోవడం గురించి రెండు ముక్కలు చాలు. నీళ్లు పోయే దిక్కు గొట్టం మీదే బాణం గుర్తుతో ఉంటుంది. అడ్డంగా పెడితే కొంచెం వాలు ఉండాలి, ఏ వైపు కిందికి రావాలో కాగితంలో రాసిందే చెయ్యాలి. నట్లు చేత్తోనే బిగుస్తాయి.

చాలాకాలం హాయిగా గడిచింది. ఒకసారి మబ్బు పట్టిన సాయంత్రం వాన మొదలైందని కిటికీలన్నీ మూసి, వంట పొగ పోవాలని కప్పు ఫ్యాను వేశాను. కాసేపటికి మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, "అమ్మా, మళ్లీ వస్తోంది" అంది. ఏది వస్తోందో ఎవరూ అడగలేదు. మా ఆయన మాత్రం గట్టిగా గాలి పీల్చి, "నాకేం తెలియట్లేదే" అన్నారు. ఆయనకి ఎప్పుడూ ఏమీ తెలియదు. ఈ విషయంలో మా అమ్మాయి ముక్కే మాకు ప్రమాణం.

మొదట టాయిలెట్ చూశాం. గిన్నెలో పోసిన నీళ్లు పోసినట్టే నిలిచాయి, అంటే కింది రబ్బరు సీలు బాగానే ఉంది. తర్వాత వంటింటి సింకు కింద ఉండే గాలి వాల్వ్ మీదికి పోయింది అనుమానం. గొట్టం చివర చిన్న మూతలా ఉంటుంది, నీళ్లు జారేటప్పుడు గాలి లోపలికి పీల్చి మళ్లీ మూసుకోవాలి. ఆర్వీల్లో వచ్చే చవకరకం వాటిలో రబ్బరు బిర్రబిగుసుకుని తెరుచుకునే ఉండిపోవడం మామూలే. దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసి ఆ రాత్రికి వదిలేశాం. పొద్దున ఫ్యాను వేస్తే కంపు అలాగే ఉంది. సింకు బతికిపోయింది.

అప్పుడు టిష్యూ కాగితాన్ని సన్నగా పీలికలా చింపి, ఒక కొన షవర్ జల్లెడకి తడిచేసి అతికించి, తలుపు ఓరగా వేసి సందులోంచి చూస్తూ కూర్చున్నాం. ఫ్యాను ఆపి ఉంటే పీలిక జల్లెడమీద ఒరిగి పడుకుంది. ఫ్యాను వెయ్యగానే విడి కొన మెల్లగా పైకి లేచి అక్కడే వణుకుతూ నిలబడింది. అమ్మాయి వెళ్లి కిటికీ తెరిచింది, పీలిక పడిపోయింది. మూసింది, లేచింది. ఫ్యాను గాలిని బయటికి తోసేస్తుంటే ఆ లోటు పూడ్చడానికి ఎక్కడినుంచో గాలి రావాలి. కిటికీలు మూసేస్తే తూములోంచి వస్తోంది. అంటే పెదవులు బిగుసుకోవాల్సిన చోట సందు ఉంది.

నేనెంతో మెచ్చుకున్న ఆ గొట్టాన్నే విప్పి టార్చి వేసి చూశాం. రెండు పెదవుల మధ్య వెంట్రుకల పోగు, దానికి సబ్బు జిడ్డు పట్టి బూడిదరంగు ముద్దలా గట్టిపడింది. ముద్ద గోరంత కూడా లేదు. దానికి అటూ ఇటూ పొర సరిగ్గా ఆనక, బియ్యపు గింజ పట్టేంత కన్నం మిగిలింది. ట్యాంకు గాలికి ఆ కన్నం చాలు. గోరువెచ్చని నీళ్లూ గిన్నెల సబ్బూ పోసి వేళ్లతో మెల్లగా రుద్దితే ఊడి వచ్చేసింది. పొర చెక్కుచెదరలేదు. మళ్లీ బిగించి ఫ్యాను వేస్తే కాగితం కదల్లేదు.

కాబట్టి పెట్టి మరిచిపోవచ్చని అందరికీ చెప్పిన మాటకి ఇప్పుడు కొంచెం తోక తగిలిస్తున్నాను: పైన వెంట్రుకలు పట్టే సన్నటి జాలీ ఉండాలి, అప్పుడప్పుడు గోరువెచ్చని సబ్బునీళ్లు ధారగా పొయ్యాలి. తూములు శుభ్రంచేసే స్ప్రింగు తీగ ఇందులోకి దూర్చకూడదు, పొర చిరిగితే ఇక ఉన్నా లేనట్టే. మామూలు ట్రాప్‌లో తీగ దూర్చి తిప్పేసినట్టు ఇక్కడ కుదరదు, ప్రతిసారీ విప్పాల్సిందే. మా బండిలో కిందనుంచి చెయ్యి దూరే మూత ఉంది గనక సరిపోయింది. నేల కోస్తే గానీ అందని చోట బిగించినవాళ్లకి ఈ సలహా ఎంతవరకు పనికొస్తుందో మరి. ఇంకోటి, షవర్ నీళ్లు మునుపటికన్నా కాస్త నిదానంగా పోతున్నాయి. నాకు పట్టింపు లేదు, అరగంట స్నానం చేసేవాళ్లకి ఉండొచ్చు.

సంబంధం ఉన్నదే కాబట్టి ఇదీ చెప్పేస్తాను. కుళ్లిన గుడ్ల కంపు వచ్చిందంటే తూమేనని తేల్చేయకండి. గ్యాసుకి వాసన కావాలనే కలుపుతారు, కొందరి ముక్కుకి అదీ ఇలాగే ఉంటుంది. కాబట్టి ముందు గ్యాసు కట్టేసి, కిటికీలు తెరిచి, అది కాదని తేల్చుకోవాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అతిగా చార్జ్ అయి వేడెక్కినా ఇదే కంపు. వేడినీళ్లు తిప్పినప్పుడే వస్తే హీటర్ లోపలి మెగ్నీషియం కడ్డీనీ, అక్కడ పెరిగిన బ్యాక్టీరియానీ అనుమానించాలి. వీటిలో దేనికీ ఏ ట్రాపూ మందు కాదు. ఇంకా ముఖ్యం, బ్లీచ్ పోసిన తూములో వెనిగర్ పొయ్యకండి, క్లోరిన్ గ్యాసు పుడుతుంది. అంత చిన్న గదిలో అది ఆటలు కాదు.

కొనమంటానా అంటే, మాది ఎక్కువ రోజులు ఖాళీగా నిలిచి ఉండే బండి, కదిలితే గతుకుల దారినే కదులుతుంది. మాలాంటి వాళ్లయితే షవర్‌కి పెట్టుకోండి. బండిలోనే కాపురం ఉండి, రోజూ అన్ని కుళాయిలూ తిప్పేవాళ్లకి వంపులో నీళ్లు ఎండే వ్యవధి ఉండదు, వాళ్లకి పాత ట్రాపే చాలనుకుంటాను. వంటింటి సింకుకి నేనింకా మార్చలేదు. అక్కడ వెంట్రుకలకి బదులు నూనె జిడ్డు, మెతుకులు. షవర్ దగ్గర గోరంత ముద్ద చేసిన నిర్వాకం చూశాక ధైర్యం చాలట్లేదు. ప్రస్తుతానికి అక్కడ మగ్గెడు నీళ్లే. గాలి వాల్వ్ మాత్రం, ఆ రోజు దాని తప్పేమీ లేకపోయినా, ఎలాగూ విప్పాం కదా అని మంచిరకం కొత్తది పెట్టేశాం.