పిచ్చాటూరు డ్యామ్ కంటే ఊరి చెరువే నయం

మా బావ డల్లాస్ నుంచి వస్తా వస్తా చేపలు పట్టే ఫ్లై రాడ్ తెచ్చినాడు, నాలుగు ముక్కలు కలిపితే తొమ్మిదడుగులు. దీనికి ఎర పెట్టరు, చిన్న కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి అచ్చం పురుగులాగా చేసింటారు, దాన్నే ఫ్లై అంటారు, బరువంతా లైన్‌లోనే, అంటే దారంలోనే ఉంటుంది కాబట్టి కర్ర వెనక్కీ ముందుకీ ఊపి ఆ లైన్‌నే విసరాల. అక్కడైతే బ్లూగిల్, బాస్ అనే చేపలు పడతాడంట, మన చెరువుల్లో జిలేబీ చేపలు, కొర్రమీన్ల మీద చూద్దామని మూడు రోజులు తిరిగినాం.

కల్యాణి డ్యామ్ కొండల మధ్య చూడ్డానికి బాగుంది, కానీ తిరుపతి, తిరుమల తాగే నీళ్లు కదా, రాడ్ తీయకుండానే వచ్చేసినాం.

రాత్రి పుత్తూరులో లాడ్జి. ఏసీ అని డబ్బులు తీసుకున్నారు, పదకొండుకే ఆగిపోయింది, కిందికి పోయి అడిగితే "ఫ్యాన్ ఉంది కదన్నా" అన్నాడు. ఎదురు హోటల్లో సంగటి, ఊరిబిండి మాత్రం సూపర్.

పొద్దున పిచ్చాటూరు అరణియార్ డ్యామ్‌కి పోతే ఒకటే గాలి, విసిరిన ఫ్లై మన మొహానికే వస్తాది, వెనకంతా కంపచెట్లు, నాలుగు ఫ్లైలు వాటికే పోయినాయి. కట్ట రాళ్ల మీద బావ జారితే "ఏం భయం లేదు బావా, పుత్తూరు కట్టు పక్కనే" అన్నా, తిట్టినాడు.

మూడోరోజు నారాయణవనం దగ్గర చుట్టాల ఊరి చెరువు. చెరువు వేలం పాట పాడుకున్నాయన్ని అడిగితే కొర్రమీను పడితే నాకియ్యండి, జిలేబీలు మీరే తీస్కోండి అన్నాడు. తూము పక్కన మోకాటిలోతు నీళ్లలో అడుగున పళ్లెమంత గుంటలు, ఒక్కోదాని మీద ఒక్కో జిలేబీ కాపలా, బ్లూగిల్ కూడా ఇట్టే గుంట తవ్వుతుందని బావ ఎగిరి గంతేసినాడు. పెద్ద తూనీగ ఫ్లై ముట్టనే లేదు, వాటి నోరు చిన్నది. 12 నంబరు కట్టినాం, నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది, మునగనిచ్చి జానెడు జానెడు లాగతా ఉంటే లైన్ టక్కున ఆగింది చూడండి! మొత్తం పదకొండు. ఆకుల పక్కన ఫోమ్ పాపర్, అంటే నీళ్ల మీద తేలే ఫ్లై వేస్తే కొర్రమీను నీళ్లు పగలగొట్టుకుని వచ్చి దారం కొరికి పాయ, బాస్‌కి అంత పళ్లుండవంట.

పక్కన ఎర్రలు గుచ్చి బెండు వేసుకున్న తాత అప్పటికే బుట్ట నింపినాడు. పోయేటప్పుడు ఒక ఫ్లై అడిగి, తిప్పి తిప్పి చూసి, "కోడీకే కదా నాయినా, మా ఇంట్లో శానా ఉండాయి" అని తిరిగిచ్చేసినాడు.