కీళ్లవాతానికి ఫిజియో: క్లినిక్‌కి వెళ్లాలా, ఇంటికి పిలిపించాలా, మనమే చేసుకోవాలా?

పొద్దున్నే పాల ప్యాకెట్ కోద్దామంటే కత్తెరలో వేళ్లు దూరవు. రెండు చేతుల కణుపులూ ఒకేసారి ఉబ్బి ఉంటాయి, గంట దాటినా పిడికిలి పడదు. నాకు కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) అని తేలి ఆరేళ్లయింది. ఇప్పుడు మా తోడికోడలికీ అదే బయటపడింది. "ఫిజియో ఎక్కడ చేయించుకుంటే మేలక్కా?" అని అడిగింది. మూడు రకాలూ చూసినదాన్ని కాబట్టి చెప్తున్నాను.

ఏది ఎంచుకున్నా మందులు మాత్రం ఆపకూడదు. మన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద పడే జబ్బు ఇది. దాన్ని అదుపు చేసేవి మెథోట్రెక్సేట్ లాంటి మందులు (అది వారానికి ఒక్కసారే, రోజూ కాదు). కీలు బిగుసుకుపోకుండా, చుట్టూ ఉన్న కండ తగ్గిపోకుండా చూడటం వ్యాయామం పని. నిమ్స్‌లోనో, మరోచోటో రుమటాలజిస్టుకి (కీళ్లవాతం డాక్టరుకి) చూపించుకుంటూనే ఇదీ చేయాలి.

క్లినిక్‌లో నాకు బాగా నచ్చింది మైనం. కరిగించిన గోరువెచ్చని మైనంలో చేయి ముంచి తీస్తారు, పొర ఆరగానే మళ్లీ ముంచుతారు. అలా ఎనిమిది పదిసార్లు. పైన కవర్ తొడిగి, తువ్వాలు చుట్టి ఇరవై నిమిషాలు కూర్చోబెడతారు. తీసేటప్పుడు మైనం మొత్తం గ్లవ్‌లా ఊడొస్తుంది, లోపల వేళ్లు మెత్తబడి హాయిగా వంగుతాయి. ఆ హాయి ఎంతోసేపు ఉండదు. అది ఉండగానే వ్యాయామం చేయించాలి, అసలు పని అదే. నేను మొదట వెళ్లినచోట మైనం, మెషీన్ అయిపోగానే "రేపు రండమ్మా" అనేవారు. ఒకరోజు మణికట్టు ఎర్రగా వాచి కాలిపోతుంటే దాని మీదే వేడి పెట్టారు. సాయంత్రానికి బూరెలా పొంగింది. అలా వాపు వేడిగా ఉన్నప్పుడు నాకు పనిచేసేది గుడ్డలో చుట్టిన ఐసే. పైగా చైతన్యపురి నుంచి అమీర్‌పేట దాకా కిక్కిరిసిన మెట్రోలో, కడ్డీ గట్టిగా పట్టుకోలేని చేత్తో ప్రయాణం. తిరిగొచ్చేసరికి చేయించుకున్న సుఖమంతా పోయేది.

ఇంటికి పిలిపిస్తే ఖర్చు నాకు దాదాపు రెట్టింపయింది. పదికి వస్తానన్న అమ్మాయి ట్రాఫిక్ దాటుకుని పదకొండున్నరకి వచ్చేది. అయినా నాలుగు రోజుల్లో ఆ అమ్మాయి చూసింది క్లినిక్‌లో ఎవరూ చూడలేదు. పప్పుగిన్నెని పట్టకారుతో దించుతుంటే "ఆగండాంటీ" అంది. అంత గట్టిగా బిగించి పట్టుకుంటే వేళ్లు మెల్లగా చిటికెనవేలి వైపు ఒరిగిపోతాయట. మందపాటి గుడ్డతో రెండు అరచేతులూ కింద పెట్టి ఎత్తమంది. తడిబట్ట మెలితిప్పి పిండొద్దు, కుళాయి గొట్టానికి చుట్టి లాగమంది. మోకాళ్లు, పాదాలు కూడా పట్టేసినవాళ్లకి, మెట్లు దిగలేని పెద్దవాళ్లకి ఇంకేం ఆలోచించక్కర్లేదు, ఇదే చేయించండి.

ఇక సొంతంగా చేసుకోవడం. దీన్ని తక్కువగా చూడకండి. బ్రిటన్‌లో 490 మంది కీళ్లవాతం రోగుల మీద జరిగిన పరిశోధన 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చేతులు సాగదీసే, బలం పెంచే వ్యాయామాలు చేసినవాళ్ల చేతి పనితనం ఏడాది తర్వాత మిగతావాళ్ల కన్నా మెరుగ్గా ఉంది. కాకపోతే వాళ్లకి ముందు థెరపిస్టులు దగ్గరుండి నేర్పారు. నేను ఆ అంచె ఎగ్గొట్టి, యూట్యూబ్ చూసి మూడు నెలలు మణికట్టుని తప్పుగా వంచాను. ఇప్పుడైతే పొద్దున వేడినీళ్ల టబ్‌లో చేతులు పెట్టి, పిడికిలి మూసి తెరవడం, వేళ్లు వెడల్పుగా చాపడం, స్పాంజి నొక్కడం, అంతా కలిపి పావుగంట. వ్యాయామం అయ్యాక రెండు గంటలు దాటినా నొప్పి ముందుకంటే ఎక్కువగా ఉంటే మర్నాడు తగ్గిస్తాను. వాపున్న రోజు స్పాంజి ముట్టను, వేళ్లు నెమ్మదిగా కదిపి ఊరుకుంటాను. ఇంట్లో మగవాళ్లకి ఈ జబ్బుంటే మరో మాట: సెలూన్‌లో మెడ విరిపించుకోనివ్వకండి. ఈ జబ్బు మెడ పైఎముకల దగ్గరి పట్టునీ వదులు చేయగలదు.

అందుకే మా తోడికోడలికి ఇలా చెప్పాను: ముందు నాలుగైదుసార్లు మనిషి దగ్గర నేర్చుకో, తర్వాత రోజూ ఇంట్లో చేసుకో, మూడు నెలలకోసారి వెళ్లి చూపించు. డబ్బు పెట్టగలిగితే ఆ మొదటి నాలుగూ ఇంటికే పిలిపించు. తను మాత్రం వాళ్లింటి పక్కనే ఉన్న క్లినిక్‌కి సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకుంది. సరే, రిపోర్టులతో పాటు నీ పట్టకారూ, చపాతీ కర్రా సంచిలో వేసుకుని వెళ్లు అన్నాను.