హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: రెండేళ్లు దాటాక నా అనుభవం

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, హైదరాబాద్‌లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నాను. వానాకాలం వడ్ల హడావుడి తగ్గి, యాసంగి కోతలు మొదలుకాక ముందు సేటు నాకు సెలవు ఇవ్వగలిగింది అప్పుడే. మూడో నెలలో ఎవరైనా అడిగి ఉంటే, లక్షా పదివేలు బూడిదలో పోసిన పన్నీరేనని చెప్పేవాణ్ని. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

మా జిల్లాలో ఎవరికి జుట్టు ఊడినా ముందు బోరు నీళ్లనే తిడతారు. ఫ్లోరైడ్ ఇక్కడ ఎంతమంది పళ్లను, ఎముకలను పాడుచేసిందో అందరికీ తెలుసు. నా బట్టతలకు మాత్రం అది కారణం కాదు. మా నాన్నది బట్టతల, మేనమామదీ బట్టతలే. డీహెచ్‌టీ అనే హార్మోన్ వల్ల నుదుటి మూలల్లో, నడినెత్తిన ఉండే కుదుళ్లు ఏటికేడు సన్నబడతాయి. తల వెనక, చెవుల పైన ఉండేవి దానికి తట్టుకుంటాయి. వెనకవి తీసి ముందు నాటినా ఆ గుణం పోదు. ఈ వైద్యమంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. అయితే వెనక ఉన్న నిల్వ పరిమితం. తీసిన చోట మళ్లీ మొలవవు.

నాకు ఎఫ్‌యూఈ పద్ధతిలో, అంటే వెనక నుంచి కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసి ముందు నాటే పద్ధతిలో, 2,600 గ్రాఫ్టులు పెట్టారు. ఒక్కో గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు దాకా వెంట్రుకలుంటాయి. మత్తు సూదులు గుచ్చిన ఆ పది నిమిషాలే నొప్పి. తర్వాత ఎనిమిది గంటలు పడుకుని, లేచి, భోంచేసి మళ్లీ పడుకోవడమే.

ఇంటికి వచ్చాకే అసలు పని మొదలవుతుంది. ఎల్బీనగర్‌లో మా బావమరిది ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాను. వీపు వెనక దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టే పడుకోవాలి, పక్కకు ఒరగకూడదు. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి సెలైన్ స్ప్రే కొట్టాలి. టీషర్టు తల మీదుగా వేసుకుంటే కుదుళ్లకు తగులుతుంది కాబట్టి గుండీల చొక్కాలే తీసుకెళ్లండి. మూడో రోజు పొద్దున నుదురు వాచి, వాపు కళ్ల మీదికి దిగింది. ఎడమ కన్ను సగమే తెరుచుకుంది. "బావా, రెండు రోజులు అద్దం చూడకు" అని మా బావమరిది స్నానాల గదిలో అద్దానికి తువ్వాల కప్పాడు. లోపలికి ఎక్కించిన మందు నీరు కిందికి దిగడం వల్ల వచ్చే వాపు అది. గ్రాఫ్టులకు తగలకుండా నుదుటి మీద చల్లటి ప్యాక్ పెట్టాను. ఆరో రోజుకు తగ్గిపోయింది.

మొదటి తలస్నానం మూడో రోజున క్లినిక్‌లోనే చేయించారు. తర్వాత ఇంట్లో షాంపూ నురగను వేళ్లతో అద్ది, మగ్గుతో మెల్లగా నీళ్లు పోసుకున్నాను. షవర్ కింద నిలబడకూడదు. నాటిన ప్రతి చోటా చిన్న పక్కు కడుతుంది. దురద పెట్టినా గోకకూడదు. పదో రోజు నుంచి ఆ పక్కులు వాటంతట అవే రాలాయి, పద్నాలుగో రోజుకు తల శుభ్రమైంది.

ఐదో రోజున నేను చేసిన పొరపాటు ఇక్కడే చెప్పాలి. ఊళ్లో మా పాత ఇంటి దర్వాజ ఎత్తు తక్కువ. చిన్నప్పటి నుంచి వంగి వెళ్లే అలవాటే అయినా, ఆ రోజు మెడ వంచకూడదన్న భయంతో నిటారుగా నడిచి పైకమ్మికి తల కొట్టుకున్నాను. రక్తం చుక్క కనిపించింది. అప్పటికి కుదుళ్లు ఇంకా పూర్తిగా పట్టుకోలేదు, మూడు నాలుగు ఊడిపోయాయి. కుడి వైపు చిక్కుడు గింజంత చోటు ఇప్పటికీ పలచగానే ఉంది. కారు ఎక్కినా, ఆటో దిగినా మొదటి పది రోజులు తలను కాపాడుకోండి. దయచేసి దీన్ని చిన్న విషయం అనుకోకండి.

ఇక ఊడడం గురించి. నాటిన వెంట్రుకలు మూడో వారం నుంచి రాలడం మొదలై ఆరో వారానికి దాదాపు అన్నీ పోయాయి. పైన కనిపించే వెంట్రుకే రాలుతుంది, కుదురు లోపలే ఉంటుంది. చోటు మారిన అదురుకు అది కొన్నాళ్లు నిద్రలోకి పోతుంది. ఇది నాకు ముందే తెలుసు. నాటిన వాటి మధ్య అంతకుముందే ఉన్న నా సొంత వెంట్రుకలు కూడా ఊడతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండో నెల ముగిసేసరికి సర్జరీకి ముందున్న దానికంటే నా తల ఘోరంగా ఉంది. "మూడు నెలల్లో ఫుల్ హెయిర్ సార్" అని డబ్బు కట్టించుకున్న కౌన్సెలర్‌కు ఫోన్ చేస్తే, "వెయిట్ చేయండి" అని పెట్టేసింది. నా కోపమంతా ఆ మాట మీదే. ఇలా అవుతుందని ముందే చెప్పి ఉంటే, నిద్రపట్టని ఆ రెండు నెలల టెన్షన్ నాకు ఉండేది కాదు.

అమ్మ వ్యవసాయం చేసిన మనిషి. దిండు మీద వెంట్రుకలు ఏరుకుంటుంటే చూసి, "నాటేసిన మడి వారం దాకా ఎర్రబడదా బిడ్డా? తేరుకుంటది, ఊకో" అంది. డాక్టర్ కూడా చెప్పింది అదే, కానీ అమ్మ చెప్పాకే నమ్మకం కుదిరింది.

మిల్లులో దుమ్ము, తౌడు ఎప్పుడూ గాల్లోనే ఉంటాయి. మూడు వారాల తర్వాతే పనికి వెళ్లాను, అదీ వదులుగా ఉండే టోపీ పెట్టుకుని. హెల్మెట్ కోసం నెల ఆగి, అప్పటిదాకా ఆటోలో తిరిగాను. హమాలీలు "అన్నా, తిరుపతి పోయొచ్చినవా?" అని అడిగితే అవునన్నాను. దేవుడి పేరు మీద అబద్ధం చెప్పినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 44 డిగ్రీల ఎండ. ఆ చెమటకు మూడో నెలలో నాటిన చోటంతా పొక్కులు లేచాయి. కొత్త వెంట్రుక చర్మం చీల్చుకుని రాలేనప్పుడు ఇలా అవుతుందని డాక్టర్ చెప్పారు. వేడి నీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, ఆయన రాసిచ్చిన క్రీమ్ వాడితే రెండు వారాల్లో తగ్గాయి. నడినెత్తిన స్పర్శ మాత్రం నాలుగో నెల దాకా సరిగా రాలేదు.

నాలుగో నెల చివర్లో, ఎండలో నిలబడితే మా ఆవిడకు కనిపించాయి. మొక్కజొన్న పీచులా సన్నగా, లేత రంగులో ఉన్నాయి. ఎడమ వైపు ముందు వచ్చాయి, కుడి వైపు నెల ఆలస్యం. ఆరో నెలకు సగం నిండింది. కొత్తవి మొదట్లో ఉంగరాలు తిరిగి గరుకుగా ఉండేవి, పది నెలలకు మామూలు అయ్యాయి. ముందు భాగం ఏడాదికి కుదురుకుంది. నడినెత్తికి మాత్రం ఏడాదిన్నర పట్టింది.

మందుల సంగతి ముందే తెలుసుకోండి. నాటినవి నిలుస్తాయి, కానీ చుట్టూ ఉన్న పాతవి ఊడుతూనే ఉంటాయి. వాటి కోసం రోజూ 1 మిల్లీగ్రాము ఫినాస్టరైడ్ మాత్ర, 5 శాతం మినాక్సిడిల్ వాడుతున్నాను. మానేస్తే ఆ లాభం పోతుంది. ఫినాస్టరైడ్‌తో కొందరికి లైంగిక సమస్యలు వస్తాయి, కాబట్టి డాక్టర్‌తో మొహమాటం లేకుండా మాట్లాడాలి. నాకు ఇబ్బంది రాలేదు. అప్పుడు మా ఆవిడ కడుపుతో ఉంది. విరిగిన మాత్రను గర్భిణులు ముట్టుకోకూడదు కాబట్టి ఆ డబ్బా మిల్లులోనే పెట్టుకునేవాణ్ని. పీఆర్‌పీ, అంటే మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ద్రవం తీసి తలకు సూదులతో ఎక్కించడం, మూడుసార్లు చేయించాను. దానివల్ల ఏం ఒరిగిందో నాకైతే కనిపించలేదు, మళ్లీ అయితే చేయించను.

క్లినిక్ ఎంచుకునేటప్పుడు గ్రాఫ్టు రేటు కంటే ముందు, కోతలు, గాట్లు ఎవరు పెడతారో అడగండి. 2022లో జాతీయ వైద్య కమిషన్ కూడా ఈ సర్జరీని తగిన అర్హత, శిక్షణ ఉన్న డాక్టర్లే చేయాలని చెప్పింది. నేను ఆ ప్రశ్న అడగలేదు. డాక్టర్ మంచివారు దొరకడం నా అదృష్టం.

"మచ్చ పడదు" అన్న మాట కూడా నమ్మకండి. పాపకు పదకొండో నెలలో యాదగిరిగుట్టలో పుట్టువెంట్రుకలు తీయించాం. తండ్రీబిడ్డలిద్దరూ తలనీలాలు ఇవ్వాలని అమ్మ మొక్కు. ఏడాది దాటితే గుండుకు భయం లేదని డాక్టర్ చెప్పాకే కల్యాణకట్టలో కూర్చున్నాను. తల వెనక తెల్లటి చుక్కలు బయటపడ్డాయి. మూడో నంబర్ మిషన్ కంటే పొట్టిగా కత్తిరిస్తే నాకు అవి కనిపిస్తాయి. ఇది గత అక్టోబర్ మాట. ఇప్పుడు ముందు భాగమంతా రెండు అంగుళాల జుట్టు ఉంది, ఆ చిక్కుడు గింజంత చోటు తప్ప. పాపకు కూడా ఒత్తుగా వస్తోంది.