రాత లెక్కల వర్క్‌బుక్ కొనేవాళ్లు వెనక జవాబులు చూసి కొనండి

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో చిన్నపిల్లలున్న వాళ్లందరూ ఒకసారి చదవండి. పోయిన నెల చౌరస్తా దగ్గర ఒక షాపులో మా పాప కోసం కూడికలు, తీసివేతల రాత లెక్కల వర్క్‌బుక్ కొన్నాను. 180 రూపాయలు. పాప రెండో తరగతి. రంగుల బొమ్మలు చూసి తీసుకున్నానే కానీ, లోపల జవాబులు చూసుకోలేదు.

52 నుంచి 27 తీసేస్తే 35 అని వెనక పేజీలో అచ్చేశారు. 2లోంచి 7 పోదు కాబట్టి పదుల నుంచి అప్పు తెచ్చుకోవాలి. అది వదిలేసి 7లోంచి 2 తీసేశారు. పిల్లలు మామూలుగా చేసే తప్పే ఇది. మా పాప మొదట 25 అని సరిగ్గానే వేసి, పుస్తకం చూసి చెరిపి 35 రాసుకుంది. ఆ రబ్బరు మరక చూస్తే నాకు కడుపు మండిపోయింది.

అచ్చుతప్పులైతే దిద్దుకోవచ్చు. మొదటి పేజీలోనే 'ఎక్కువ అని ఉంటే కలపాలి, మిగిలాయి అని ఉంటే తీసేయాలి' అని గళ్లు కట్టి మరీ నేర్పిస్తున్నారు. ఈ లెక్క చూడండి: స్వాతి దగ్గర 12 రేగుపండ్లు ఉన్నాయి, తమ్ముడి కంటే 5 ఎక్కువ, తమ్ముడి దగ్గర ఎన్ని? పుస్తకంలో జవాబు 17! పాప కూడా కలిపి అదే వేసింది. "ఎందుకు కలిపినవు బిడ్డా?" అంటే, "ఎక్కువ అని ఉంది కదమ్మా" అంది.

చింతగింజలు తెచ్చి 12 వరుసగా పేర్చాను. కింద తమ్ముడి వరుస పెట్టమన్నాను, పైన ఐదు జత లేకుండా మిగలాలన్నాను. ఏడో గింజ దగ్గర చెయ్యి ఆగింది. "అమ్మా, తమ్మునికే తక్కువున్నయి!" అంది.

వాపసు ఇద్దామని పోతే "రాసినంక ఎట్ల తీసుకుంటం అక్కా" అన్నారు. బిల్లు లేదు, పుస్తకం మీద అచ్చువేసినవాళ్ల అడ్రసు కూడా లేదు. మీరు మాత్రం బిల్లు అడిగి తీసుకోండి. బిల్లుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

షాపులోనే నిలబడి రెండు మూడు లెక్కలు వేసి చూడండి. 'కొన్ని గోలీల్లో 4 ఇచ్చేస్తే 9 మిగిలాయి, మొదట ఎన్ని?' లాంటి లెక్క ఉందా, దానికి 13 అని ఉందా వెతకండి. 5 అని ఉంటే అక్కడే పెట్టేసి రండి. ప్రభుత్వ లెక్కల పుస్తకాలు, బడి పుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ఇప్పటికే కొన్నవాళ్లుంటే చెప్పండి. నేను ఎర్ర పెన్నుతో దిద్దిన పేజీల ఫొటోలు పంపిస్తాను.