అప్‌లోడ్ ఫైళ్లకు వైరస్ పరీక్ష: అప్పటికప్పుడా, పక్కన పెట్టి తర్వాతా?

ఎచ్చెర్లలో అడ్మిషన్ల సర్టిఫికెట్లయినా, ఉద్దానం కిడ్నీ రోగుల ల్యాబ్ రిపోర్టులయినా, పలాస జీడిపప్పు వ్యాపారుల బిల్లులయినా ఫైలు వచ్చే దారి దాదాపు ఒకటే. నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించి, పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని అప్‌లోడ్ చేస్తారు. ఆ పెన్‌డ్రైవ్ అంతకుముందు ఎన్ని కంప్యూటర్లకు తగిలిందో ఎవరికీ తెలీదు. డేటాబేస్‌లో ఫైళ్లను దాచే బ్లాబ్ కాలమ్‌లో పడున్న బైట్లు వాటంతటవి ఏమీ చేయవు. ఆఫీసులో గుమాస్తా ఆ ఫైలు దించుకుని తెరిచినప్పుడే ముప్పు. అందుకే ఏ పద్ధతినైనా అడగాల్సింది ఒక్కటే: పరీక్ష కాని ఫైలు ఎవరి చేతికైనా వెళ్లే సందు ఉందా?

"డేటాబేస్ సర్వర్‌లో యాంటీవైరస్ ఉంది కదా" అని ఊరుకునేవాళ్లు ఎక్కువ. అది రక్షణ కాదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ పెద్ద విలువల్ని కుదించి సుమారు 2 కేబీ ముక్కలుగా దాస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పేజీ (డేటా రాసే ముక్క) 8 కేబీ, మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీలో మామూలుగా 16 కేబీ. ఇలా ముక్కలైన ఫైలును యాంటీవైరస్ గుర్తుపట్టడం కష్టం. పొరపాటున పట్టినా ఆ ఒక్క ఫైలును కాదు, మొత్తం డేటా ఫైలునే క్వారంటైన్‌లోకి లాగేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటా, లాగ్ ఫైళ్లను స్కాన్ నుంచి మినహాయించమని మైక్రోసాఫ్టే చెబుతుంది.

వైరస్‌టోటల్ లాంటి బయటి సేవలో పదుల కొద్దీ యాంటీవైరస్ ఇంజన్లు ఉంటాయి. కానీ అక్కడికి పంపిన ఫైలు ఆ సంస్థ ఖాతాదారులకూ అందుతుంది. రోగి పేరున్న క్రియాటినిన్ రిపోర్టును అలా పంపడం తప్పు. ఉచిత ఏపీఐకి (మన ప్రోగ్రాము ఆ సేవను వాడుకునే దారికి) నిమిషానికి 4, రోజుకు 500 రిక్వెస్టులే పరిమితి, వ్యాపార అవసరాలకు వాడకూడదు కూడా. హాష్ (ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడు) మాత్రమే పంపితే గోప్యతకు ఇబ్బంది లేదు గానీ, నిన్న స్కాన్ చేసిన మార్కుల లిస్టు హాష్ అక్కడ ఎలాగూ ఉండదు.

అసలు పోటీ మిగతా రెండు పద్ధతుల మధ్యే: ఫైలు రాగానే పరీక్షించడం, పక్కన పెట్టి తర్వాత పరీక్షించడం. రెండింటికీ క్లామ్‌ఏవీ అనే ఉచిత యాంటీవైరస్ సరిపోతుంది. అందులోని క్లామ్‌స్కాన్ కమాండు ప్రతిసారీ సిగ్నేచర్లన్నీ (వైరస్‌ల గుర్తులన్నీ) మళ్లీ లోడ్ చేస్తుంది కాబట్టి అది వద్దు, ఎప్పుడూ నడుస్తూ ఉండే క్లామ్‌డీ వాడాలి. దానికి 3 జీబీ ర్యామ్ పైన ఉండాలి. సిగ్నేచర్లు మారేటప్పుడు పాతవీ కొత్తవీ కాసేపు మెమరీలో కలిసి ఉంటాయి, 2 జీబీ సర్వర్‌లో అప్పుడే అది చచ్చిపోతుంది. నెట్‌వర్క్‌లో క్లామ్‌డీ వినే 3310 పోర్టుకు పాస్‌వర్డ్ ఉండదు, కనెక్ట్ అయినవాడెవడైనా క్లామ్‌డీని ఆపేయగలడు. ఒకే యంత్రంలో ఉంటే యూనిక్స్ సాకెట్ (ఆ యంత్రంలోని ప్రోగ్రాములకే అందే దారి) మేలు.

ఫైలు వచ్చిన వెంటనే స్కాన్ చేసి, ఓకే వస్తేనే డేటాబేస్‌లో ఇన్సర్ట్ చేయడం మొదటి పద్ధతి. కోడు చిన్నది, వైరస్ ఉందని అప్‌లోడ్ చేసినవాళ్లకు అక్కడికక్కడే తెలుస్తుంది. నలుగురైదుగురు సిబ్బంది చిన్న పీడీఎఫ్‌లు ఎక్కించే ఆఫీసుకు ఇది చాలు. దరఖాస్తులకు ఆఖరి రోజున మాత్రం తట్టుకోదు. క్లామ్‌డీ మామూలుగా 10 థ్రెడ్లతో (ఒకేసారి పది పనులతో) నడుస్తుంది, మిగతావి వరసలో ఆగుతాయి. ముందుండే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా 60 సెకన్లు చూసి 504 (టైమౌట్) ఎర్రర్ చూపిస్తుంది. పిల్లలు మళ్లీ నొక్కుతారు, వరస ఇంకా పెరుగుతుంది.

రెండోది, ఫైలును "పెండింగ్" గా దాచి, వెనక వేరే వర్కర్ (విడిగా నడిచే ప్రోగ్రాము) తో పరీక్షించడం. జనం అప్‌లోడ్ చేసే ఏ సైటుకైనా ఇదే మేలని నా నిశ్చితాభిప్రాయం. టేబుల్‌లో స్థితి, షా-256 హాష్, పరీక్షించిన సమయం, సిగ్నేచర్ వెర్షన్ కాలమ్‌లు పెట్టండి. వర్కర్ స్కిప్ లాక్డ్‌తో (వేరే వర్కర్ పట్టుకున్నవాటిని దాటేసే ఎస్‌క్యూఎల్ మాటతో) టేబుల్‌లో ఒక రోను ఎత్తుకుని, "పరీక్షలో" అని రాసి కమిట్ చేశాకే స్కాన్ మొదలుపెట్టాలి. పది నిమిషాలైనా తేలకపోతే మళ్లీ పెండింగ్‌కే. "శుభ్రం" అన్నవే చూపించే వ్యూ (టేబుల్‌లో కొంతే కనిపించే కిటికీ) కట్టి, అప్లికేషన్ యూజర్‌కు చదివే హక్కు ఆ వ్యూ మీదే ఇవ్వండి. ఈ షరతు స్క్రీన్ కోడులో మాత్రమే ఉంటే, రేపు రాసే మొబైల్ యాప్ దాన్ని తప్పించుకుపోతుంది.

దీని అసలు బలం తిరిగి పరీక్షించడంలో ఉంది. ఇవాళ ఓకే అయిన ఫైలు వచ్చే వారం సిగ్నేచర్లకు దొరకొచ్చు. 2018 తిత్లీ లాంటి తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటూ నెట్టూ పోతే సిగ్నేచర్లు పాతబడతాయి. క్లామ్‌డీ వెర్షన్ కమాండ్ ఇచ్చే సిగ్నేచర్ల తేదీ 7 రోజులు దాటితే ఫైళ్లను పెండింగ్‌లోనే ఉంచి, సిగ్నేచర్లను తాజా చేసే ఫ్రెష్‌క్లామ్ నడిచాక వదలాలి.

రెండు పద్ధతుల్లోనూ దెబ్బతీసేవి కొన్ని ఉన్నాయి. సెట్టింగుల్లోని మ్యాక్స్‌ఫైల్‌సైజ్ (ఫైలు సైజు పరిమితి) దాటిన ఫైలును క్లామ్‌ఏవీ చూడకుండానే ఓకే అనేస్తుంది. అలా దాటినవాటిని పట్టించే అలర్ట్‌ఎక్సీడ్స్‌మ్యాక్స్ సెట్టింగుకు "yes" పెట్టండి, అప్‌లోడ్ పరిమితిని స్ట్రీమ్‌మ్యాక్స్‌లెంగ్త్ (క్లామ్‌డీకి ఒకసారి పంపగల గరిష్ఠ సైజు) కంటే తక్కువ ఉంచండి (పాత వెర్షన్లలో అది 25 ఎంబీ). పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లన్నిటినీ పట్టే అలర్ట్‌ఎన్‌క్రిప్టెడ్ జోలికి పోవద్దు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి అవన్నీ వైరస్‌లుగా పట్టుబడతాయి. జిప్‌ల కోసం అలర్ట్‌ఎన్‌క్రిప్టెడ్‌ఆర్కైవ్ ఒక్కటే చాలు. క్లామ్‌డీ నుంచి ఓకే, ఫౌండ్ (వైరస్ దొరికింది) కాక ఇంకేం వచ్చినా, టైమౌట్ అయినా, ఆ ఫైలు పరీక్ష కానట్టే లెక్క.

సైటు తెరిచే ముందు 68 అక్షరాల ఐకార్ పరీక్ష ఫైలును (యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూసే హానిలేని ఫైలును) విడిగా ఒకసారి, జిప్‌లో పెట్టి ఒకసారి ఎక్కించండి. రెండూ పట్టుబడాలి. తర్వాత క్లామ్‌డీని ఆపేసి మామూలు పీడీఎఫ్ ఎక్కించండి. అది గుమాస్తా స్క్రీన్ మీద డౌన్‌లోడ్‌కు దొరికిందంటే కోడు ఇంకా సిద్ధం కాలేదు.