కాలేజీ దగ్గర కారు: కోర్సంతా వాడాక చెబుతున్న మాట

నాలుగేళ్ల నర్సింగ్ కోర్సంతా నా దగ్గర కారుంది. పాత హ్యాచ్‌బ్యాక్, పెట్రోలుది, మాన్యువల్ గేర్లు. అక్క కొన్నాళ్లు వాడి నాకిచ్చింది. మొదటి రెండేళ్లలో ఎవరైనా "కారు అవసరమా?" అని అడిగితే అక్కర్లేదనేదాన్ని. చివరి రెండేళ్లలో అడిగితే అది లేకుండా చదువు సాగదనేదాన్ని. కారు అదే, హాస్టలు అదే. మధ్యలో మారింది టైంటేబుల్ ఒక్కటే. అందుకే పిల్లల్ని దూరపు కాలేజీలో చేర్చేవాళ్లు ఇల్లు ఎంత దూరమో చూసుకుని కారు సంగతి తేల్చేస్తుంటే ఊరుకోబుద్ధి కాదు. ఇంటికి వెళ్లేది సెలవులకు. కారు పనికి రావాల్సింది మామూలు మంగళవారం నాడు.

మొదటి రెండేళ్లూ తరగతులు, ల్యాబు, లైబ్రరీ, పోస్టింగులు (శిక్షణ డ్యూటీలు) వేసే ఆసుపత్రి అన్నీ క్యాంపస్‌లోనే. నింపాదిగా తొక్కినా సైకిలు గంటకు 15 కిలోమీటర్లు పోతుంది. అంటే 3 కిలోమీటర్లకు 12 నిమిషాలు, అదీ నేరుగా భవనం గుమ్మం దాకా. కారులో ఆ దూరం ఇంకా త్వరగానే అయిపోతుంది కానీ, హాస్టలు నుంచి పార్కింగు దాకా నడవాలి, అక్కడికెళ్లాక చోటు వెతకాలి, దిగి మళ్లీ నడవాలి. పార్కింగు పర్మిట్ స్టిక్కర్ అంటించుకున్నంత మాత్రాన మన చోటు మనకోసం ఖాళీగా ఉండదు. పొద్దున తరగతుల వేళకు దగ్గరి పార్కింగులన్నీ నిండిపోయేవి. స్నాతకోత్సవం లాంటిది వస్తే ఏకంగా మూసేసి, కార్లు తీసుకెళ్లి వేరే చోట పెట్టుకోమనేవారు. పరీక్ష ముందు రోజు ఆ పని మీద తిరగడం ఎంత చిరాకో చెప్పలేను.

పార్కింగు మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసిన డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్, కారు తన కాలంలో దాదాపు 95 శాతం నిలిచే ఉంటుందని చెప్పేవారు. ఆ రెండేళ్లలో నా కారు అంతకంటే ఎక్కువే నిలిచి ఉంటుంది. నిలిచిన కారుకు ఖర్చేముంటుందిలే అనుకుంటారు చాలామంది. ఇక్కడ మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

ముందు బ్యాటరీ. తాళం వేసి ఉన్నా అలారం, గడియారం, లోపలి కంప్యూటర్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. మామూలు 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే వోల్టు మీటరు 12.6 చూపిస్తుంది. 12 దాకా దిగితే స్టార్టర్ తిప్పే శక్తి దాదాపు లేనట్టే. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు అక్కడే ఉంచితే చాలనే సలహా అందరూ ఇస్తారు. అది సరిపోదు. స్టార్ట్ చేయడానికి ఖర్చయిన కరెంటు కూడా అంతలో తిరిగి రాకపోవచ్చు. అరగంటైనా రోడ్డు మీద నడపాలి. అలా నడిపితే బ్రేకు డిస్కుల మీద పట్టిన తుప్పు కూడా అరిగిపోతుంది, ఇంజనాయిలు బాగా వేడెక్కి అందులో చేరిన తేమ ఆవిరైపోతుంది. హాస్టలు నుంచి గేటు దాకా, గేటు నుంచి హాస్టలు దాకా తిప్పే చిన్న ట్రిప్పుల్లో ఇంజను వేడెక్కదు, ఆ తేమ ఆయిల్లోనే ఉండిపోతుంది. అందుకే మీటరు కిలోమీటర్లు చూపించకపోయినా ఏడాదికోసారి ఆయిలు మార్చాల్సిందే.

టైర్లలో గాలి నెలకు సుమారు ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున దానంతటదే తగ్గుతుంది. వానాకాలంలో చాలా రోజులు హ్యాండ్ బ్రేకు వేసి ఉంచితే పట్టేస్తుంది. చదును నేల మీదైతే గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయడం మంచిది. ఇంకొకటి, ఇంట్లోవాళ్లు వాడి ఇచ్చిన కారైతే టైర్ల వయసు చూడండి. టైరు పక్కన చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గీతలు లోతుగానే కనబడుతున్నా పాతబడిన రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. తక్కువ తిరిగిన కార్లలోనే ఈ సమస్య ఎక్కువ, అరగకముందే ముసలివైపోతాయి కాబట్టి. వీటికి తోడు ఇన్సూరెన్స్, పర్మిట్. కారు కదిలినా కదలకపోయినా కట్టాల్సినవే. కుర్ర డ్రైవరు పేరు చేరిస్తే చాలాచోట్ల ప్రీమియం కూడా పెరుగుతుంది.

డబ్బు కంటే నన్ను ఎక్కువగా నలిపింది మనుషుల సంగతి. హాస్టల్లో ఎవరికి కారుందో వారంలో అందరికీ తెలిసిపోతుంది. స్టేషనుకు దింపమని, సామాను తెమ్మని, రాత్రి తీసుకురమ్మని అడుగుతూనే ఉంటారు. సాయం చేయడం నాకిష్టమే. ఒంట్లో బాగాలేని స్నేహితురాలిని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఆ కారు ఉన్నందుకు నిజంగా సంతోషించాను. కానీ తాళం చెవి ఇవ్వడం వేరు. వేరేవాళ్లు నడిపి గుద్దితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా లేదా అన్నది పాలసీని బట్టి ఉంటుంది. కొన్నింట్లో పేరు రాయించుకున్నవాళ్లకే వర్తిస్తుంది. క్లెయిము వస్తే మచ్చ పడేది మాత్రం పాలసీదారు మీదే. "కారు నాన్న పేరు మీదుంది, నేను తప్ప ఎవరూ నడపకూడదు" అని మొదటి వారమే చెప్పేశాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. అదే ఒకరికిచ్చి ఇంకొకరికి లేదంటే నిష్ఠూరమయ్యేది.

మూడో ఏడు నుంచి కథ మారింది. పోస్టింగులు ఊరి అవతలి ఆసుపత్రికి మారాయి. మార్నింగ్ షిఫ్టుకు రిపోర్టు చేయాల్సిన వేళకు మొదటి బస్సు ఇంకా డిపోలోనే ఉంటుంది. తర్వాత కమ్యూనిటీ హెల్త్ పోస్టింగు. ఒక్కో వారం ఒక్కో గ్రామం, చేతిలో బీపీ మిషన్లు, బరువు చూసే మిషన్లు, చార్టులు. ముగ్గురు క్లాస్‌మేట్లం ఒకే గ్రూపు కాబట్టి కలిసి వెళ్లేవాళ్లం, పెట్రోలు సమంగా పంచుకునేవాళ్లం. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు కాబట్టి బస్సు తప్పడం మాకు చిన్న విషయం కాదు. ఆ రెండేళ్లూ కారు రోజూ తిరిగింది, పైన రాసిన బాధల్లో సగానికి పైగా వాటంతటవే పోయాయి. బ్యాటరీ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.

రాత్రి డ్యూటీ దగ్గర మాత్రం కారుందన్న ధీమా ప్రమాదం తెస్తుంది. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఇరవై నాలుగు గంటలైతే దాదాపు 0.10 శాతంతో సమానం. చాలా దేశాల్లో ఈ రెండోదానితో నడిపితే కేసే. నైట్ డ్యూటీ దిగి "ఇరవై నిమిషాల దూరమే కదా" అని స్టీరింగు పట్టుకునే విద్యార్థులను ఎంతమందిని చూశానో. కిటికీ దించినా, పాటలు పెట్టినా నిద్ర ఆగదు. డ్యూటీ దిగాక రెస్టు రూములో పడుకుని లేచాకే బయల్దేరాలని మా ముగ్గురిలో ఒప్పందం. అంత ఓపిక లేని రోజు కారు అక్కడే వదిలి బస్సెక్కడం. పిల్లలకు కారు ఇచ్చే తల్లిదండ్రులు స్పీడు గురించి చెప్పినంత గట్టిగా ఈ మాటా చెప్పాలి.

ఇంతకీ కావాలా వద్దా ఎలా తేల్చుకోవాలంటే, మొదటి సెమిస్టరు కారు లేకుండా గడపనివ్వండి. కొన్ని క్యాంపస్‌లలో మొదటి ఏడాది హాస్టలు విద్యార్థులకు ఎలాగూ పర్మిట్ ఇవ్వరు. ఆ నెలల్లో "ఇప్పుడు కారుంటే బాగుండేది" అనిపించిన ప్రతిసారీ ఫోనులో రాసుకోవాలి: ఎక్కడికి, ఏ టైముకు, వేరే దారి దొరికిందా లేదా. దొరికినవన్నీ కొట్టేయాలి. మిగిలినవాటిలో ప్రతి వారం, అదే టైముకు, తప్పనిసరిగా వెళ్లాల్సిన పని ఉందా? పోస్టింగు, ఇంటర్న్‌షిప్, రాత్రి దాకా ఉండే పార్ట్‌టైమ్ ఉద్యోగం, ఇంట్లో మనిషిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం లాంటివి. ఉంటే కారు గురించి ఆలోచించండి. ఎప్పుడో ఒకసారి సినిమా, నెలకోసారి సరుకులు అయితే ట్యాక్సీ చాలు, ఏడాది మొత్తం లెక్కేసినా ఇన్సూరెన్స్ కంటే తక్కువే తేలవచ్చు. నడక కష్టమైన విద్యార్థికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. వాళ్లకు కారు అవసరమే, భవనం పక్కన రిజర్వ్ చేసిన చోటు కోసం కాలేజీకి ముందే దరఖాస్తు పెట్టాలి.

ఫీజు రసీదు కూడా ఒకసారి చదవండి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 1991లోనే యూ-పాస్ పేరుతో విద్యార్థులకు బస్సు పాసు పెట్టింది, తర్వాత చాలా విశ్వవిద్యాలయాలు అలాంటి పద్ధతే తెచ్చాయి. ఫీజులోనే పాసు డబ్బు కట్టేసి, ఆ సంగతి తెలియక టికెట్టు కొనుక్కునేవాళ్లుంటారు.

తీసుకోవాలనే తేలితే చిన్న పెట్రోలు కారు చూసుకోండి. కొత్త డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ కాసేపు ఆగకుండా వేగంగా నడపాలి. క్యాంపస్ చుట్టూ తిరిగితే మూసుకుపోతుంది. ఎలక్ట్రిక్ కారైతే హాస్టలు దగ్గర ప్లగ్గు పాయింటు ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

వచ్చే ఏడు తమ్ముడు ఇంజనీరింగులో చేరుతున్నాడు, కారు తనకిమ్మంటున్నాడు. మొదటి సెమిస్టరు టైంటేబుల్ చూశాక మాట్లాడదామని నాన్నకు చెప్పాను. ప్రస్తుతానికి వాడికి మంచి సైకిలు, గట్టి తాళం, ముందు వెనక లైట్లు కొనిచ్చాం.